అతుకుల బొంతలో ఎన్ని లెక్కలో!

ఒక నలుచదరపు గుడ్డముక్క. మూల నుంచి మూలకు ఒక గీత. గీతకు ఒక పక్క ముదురు రంగు గుడ్డ, రెండో పక్క లేత రంగు గుడ్డ. ఇవాళ్టి కబుర్లకు కావలసిన సరుకంతా ఇదే పిల్లలూ. ఇంత చిన్న ముక్కతో ఎన్ని రకాల బొంతలు కుట్టవచ్చో చెప్పడం మొదలెడితే మీ అమ్మ వంటింట్లోంచి "పిల్లల్ని కాస్త చదువుకోనివ్వండి మామయ్యగారూ" అంటుంది. ఇదీ చదువేనని చెప్పండి.

మనిళ్ళలో బొంతంటే అమ్మమ్మల పాత చీరలు. వాడి వాడి మెత్తబడిన నూలుచీరలు నాలుగైదు పొరలు పరిచి, పొడుగూతా వరస కుట్లు వేస్తారు. పొరల మధ్య చిక్కుకున్న గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. కుట్లు పొరల్ని జారకుండా పట్టి ఉంచుతాయి. వెచ్చదనం వెనకున్న సైన్సు అంతకన్నా ఏమీ లేదు. ఇక అతుకంటారా, చిరుగు ఎక్కడుంటే అక్కడ పడుతుంది. మన పక్క రాష్ట్రంలో, ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు ఉన్నారు. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే బొంతను ‘కవంది’ అంటారు. అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్కలు అతుక్కుంటూ చుట్టూ తిరిగి తిరిగి నడిమికి చేరుకుంటారు. నాలుగు మూలల్లో మడత పెట్టిన చిన్న ముక్కలు కుడతారు, వాటిని ‘ఫులా’ అంటారు. స్కేలు లేదు, కాగితం మీద నమూనా లేదు. చేతిలో ఏ ముక్క ఉంటే దాన్ని బట్టి ముందుకు పోవడమే.

అమెరికాలో పందొమ్మిదో శతాబ్దంలో ఇంకో పద్ధతి బాగా వ్యాపించింది. అక్కడ ముందు చిన్న నలుచదరం ఒకటి తయారు చేస్తారు. దాన్ని బ్లాకు అంటారు. ఒళ్ళో పెట్టుకుని కుట్టుకోవచ్చు, గదంతా పరచనక్కర్లేదు. అలాంటివి నలభయ్యో యాభయ్యో అయ్యాక అన్నీ కలిపి కుట్టేస్తారు. బ్లాకు దగ్గరకొచ్చేసరికి కుట్టుపని లెక్కల పని అవుతుంది. నాకు నచ్చేది అక్కడే.

మనం మొదట అనుకున్న ముక్క ఉందే, దాని మీద మొట్టమొదట లెక్క కట్టినవాడు టైలరు కాడు. సెబాస్తియన్ ట్రూషే అని ఫ్రాన్సులో ఒక క్రైస్తవ సన్యాసి. కాలవలు చూసే పని మీద తిరుగుతూ, ఓర్లియాన్ దగ్గర ఒక భవంతిలో, ఐమూలగా రెండు రంగులున్న పలకలు చూశాడు. నేలమీద పరచడానికి తెచ్చి పెట్టినవి. అందరూ చూసే ఉంటారు. ఆయన మాత్రం వీటిని ఎన్ని రకాలుగా పేర్చవచ్చు అని ఆలోచించి, 1704లో పారిస్ సైన్సు అకాడమీకి ఒక పత్రం రాశాడు. రెండు పలకలు పక్కపక్కన పెడితే, తిప్పి చూసినప్పుడు ఒకటే అయ్యేవాటిని కలిపేసుకుంటే, 10 రకాలే మిగులుతాయని తేల్చాడు. చిన్న సంఖ్యే కదా అని తీసిపారెయ్యకండి. నాలుగు ముక్కలకు వెళ్దాం.

లెక్కల నోటుబుక్కులో గళ్ళ కాగితం తియ్యండి. రెండు వరసలు, వరసకు రెండు గళ్ళు. ఒక్కో గడిలో ముదురు సగం నాలుగు మూలల్లో ఏ మూలకైనా ఉండవచ్చు. అంటే గడికి నాలుగు దారులు. నాలుగు గళ్ళకు 4×4×4×4, మొత్తం 256 బ్లాకులు. ఇందులో కొన్ని దొంగలెక్క. ఒక బ్లాకును పావు చుట్టు తిప్పితే ఇంకో బ్లాకులా కనిపిస్తుంది, గుడ్డ మాత్రం అదే. వాటిని ఏరేద్దాం. 256ను 4తో భాగిస్తే సరి, 64 అంది మా మనవరాలు. అక్కడే ఉంది తమాషా. ఎటు తిప్పినా మారని బ్లాకులు 4 ఉన్నాయి. సగం చుట్టు తిప్పితే మళ్ళీ మొదటిలాగే ఉండేవి ఇంకో 12. అవి రెండేసి జంటలు, అంటే 6 రకాలు. మిగిలిన 240 మాత్రమే నాలుగేసి గుంపులవుతాయి, అవి 60. మొత్తం 4+6+60, అంటే 70. అద్దంలో చూస్తే ఒకటే అయ్యేవాటిని కూడా కలిపేస్తే 43కి దిగుతుంది.

ఎటు తిప్పినా మారని ఆ నాలుగూ ఏమిటో గీసి చూడండి. ముదురు రంగంతా నాలుగు మూలలకూ పోయిందా, నడుమ లేత రంగు వజ్రం మిగులుతుంది. ముదురు రంగంతా నడుమకు చేరిందా, ముదురు వజ్రం. మిగిలిన రెండూ గాలిమరలు. ఒకటి కుడి చేతి వాటం, ఒకటి ఎడమ చేతి వాటం.

ఇప్పుడు రెండు చిన్న అద్దాలు తెచ్చుకోండి. ఒక గడికి పక్కన ఒకటి, కింద ఒకటి, రెండింటి మధ్యా లంబకోణం ఉండేలా నిలబెట్టండి. ఒక్క ముక్క నాలుగు ముక్కలై కనిపిస్తుంది. ముక్కను తిప్పుతూ చూడండి. వజ్రాలు రెండూ వస్తాయి. నిలువు ఢమరుకం, అడ్డ ఢమరుకం వస్తాయి. గాలిమర మాత్రం ఎంతసేపు తిప్పినా రాదు, ఎప్పటికీ రాదు. అద్దం కుడిని ఎడమ చేస్తుంది, గాలిమరలో నాలుగు రెక్కలూ ఒకే వాటం. చుట్టు తిప్పడం వేరు, అద్దంలో తిరగబడడం వేరు. గణితంలో సౌష్ఠవం అనే పెద్ద అధ్యాయానికి గుమ్మం ఇదే. ఈ గుమ్మం దగ్గర మీ పుస్తకాల్లో ఉన్న బొమ్మలకంటే నాలుగు గుడ్డముక్కలు బాగా పనికొస్తాయని నా నమ్మకం.

నాలుగు వరసలు, వరసకు నాలుగు ముక్కలు, మొత్తం పదహారయితే? 4ని పదహారు సార్లు హెచ్చవేయాలి. 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. సెకనుకు ఒకటి చొప్పున తిండీ నిద్రా మాని గీసినా 136 ఏళ్ళు పడుతుంది. "ఫోన్లో బోలెడు డిజైన్లున్నాయి కదా తాతయ్యా, ఒకటి చూసి కుట్టేద్దాం" అనే మనవరాలికి నా జవాబు ఈ సంఖ్యే. ఫోన్లో ఎన్నుంటే మాత్రం? ఇంతవరకు ఎవరూ కుట్టనిది మన గళ్ళ కాగితం మీద అరగంటలో దొరుకుతుంది.

కాగితం మీద దొరికింది గుడ్డ మీదికి వచ్చేసరికి కొంచెం మొండికేస్తుంది. గుడ్డ అంటే పడుగు, పేక. పడుగు వెంట పట్టుకుని లాగండి, పెద్దగా సాగదు. పేక వెంట లాగినా అంతే. ఐమూలగా పట్టుకుని లాగండి, సాగుతుంది. దారాలు సాగలేదు సుమా, వాటి మధ్య కోణం మారింది. కోళ్ళు వదులైన పాత మంచాన్ని ఒక మూల పట్టి లాగితే ఎలా ఐమూలకు ఒరుగుతుందో అలాగన్నమాట. పట్టెలు ఎంత పొడుగున్నవి అంతే ఉంటాయి, ఒక కర్ణం పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. జాకెట్లు కుట్టేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఒంటికి పట్టినట్టుండాలంటే క్రాస్ కటింగ్ అంటారు. వాళ్ళకు మేలు చేసే ఆ సాగుడే బొంత కుట్టేవాళ్ళకు శత్రువు. మన త్రిభుజం ముక్కలో పొడుగైన వైపు సరిగ్గా క్రాస్ మీద పడుతుంది. దాన్ని ముందు కత్తిరించి తర్వాత కుడితే, మిషను పాదం కింద సాగి, అల అలలుగా వస్తుంది.

అందుకని తెలివైనవాళ్ళు ముందు కుట్టి తర్వాత కత్తిరిస్తారు. ముదురు నలుచదరం ఒకటి, లేత నలుచదరం ఒకటి, మంచి వైపులు లోపలికి ఉండేలా ఒకదాని మీద ఒకటి పెట్టండి. పై ముక్క మీద ఐమూలగా పెన్సిలు గీత గీయండి. గీతకు అటు పావు అంగుళం దూరంలో ఒక కుట్టు, ఇటు పావు అంగుళం దూరంలో ఒక కుట్టు. అప్పుడు గీత మీద కత్తెర పెట్టండి. విప్పితే రెండు ముక్కలు, రెండూ మనకు కావలసినవే. క్రాస్ అంచు కుట్టులో బందీ అయ్యాకే కత్తెర పడింది కాబట్టి సాగడానికి వీల్లేదు. ఈ ఉపాయం ఎవరు కనిపెట్టారో గాని, వాళ్ళకు నా నమస్కారం.

ఇంతకీ నలుచదరం ఎంత కొలతకు కత్తిరించాలి? పూర్తయ్యాక 3 అంగుళాల ముక్క కావాలనుకుందాం. మామూలు నలుచదరమైతే రెండు పక్కలా పావు అంగుళం చొప్పున కుట్టుకు వదిలితే సరిపోతుంది, మూడున్నర. త్రిభుజానికి అలా కుదరదు. దానికి ఏటవాలు వైపు కూడా పావు అంగుళం వదలాలి. ఆ పావు అంగుళం ఏటవాలుకు లంబంగా ఉంటుంది, మనం కొలిచేదేమో నిలువూ అడ్డమూ. అందుకే వర్గమూలం రెండు వచ్చి కూర్చుంటుంది. లెక్క వేస్తే పావును (2+√2)తో హెచ్చవేయాలి, 0.854 అంగుళం. అమెరికా స్కేళ్ళ మీద ఎనిమిదో వంతు గీతలుంటాయి, దానికి దగ్గరిది ఏడు ఎనిమిదో వంతులు, అంటే 0.875. తేడా అర మిల్లీమీటరు. లెక్కల మొహం చూడను అని ఒట్టు పెట్టుకున్న అమెరికా ముసలమ్మలు కూడా "త్రిభుజానికి ఏడు ఎనిమిదో వంతులు కలపాలి" అని బట్టీ పట్టి ఉంటారు. పైథాగరస్ పేరు చెప్పకుండానే పైథాగరస్ పని జరిగిపోతుందన్నమాట. మీరు మాత్రం ఒక అంగుళం కలిపి 4 అంగుళాలకు కత్తిరించి, కుట్టాక మూడున్నరకు సరిచేసుకోండి. చేయి తిరిగేదాకా అదే క్షేమం.

పావు అంగుళమంటే పావు అంగుళమే ఉండాలి. కుట్టు అంగుళంలో పదహారో వంతు లోపలికి పడిందనుకోండి, ఒక్కో ముక్క రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు తగ్గుతుంది. వరసలో ఎనిమిది ముక్కలుంటే అంగుళం మాయం. పక్క వరస సరిగ్గా కుట్టి ఉంటే ఈ వరస దానితో కలవదు. చిన్న తప్పులు ఒకే దిక్కున పడితే ఎలా పోగవుతాయో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలీదు.

రంగుల సంగతికి వద్దాం. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మ్యాచింగ్ సెంటరుకు వెళ్ళి ఎరుపూ ఆకుపచ్చా లైనింగు గుడ్డలు తెస్తారు. పెళ్ళిచీరలో అదిరిపోయే జోడీ. బొంతలో పెట్టి పదడుగుల దూరం నుంచి చూస్తే గాలిమరా లేదు వజ్రమూ లేదు, అంతా కలగాపులగం. మన కన్ను సన్నని వివరాలను వెలుగునీడల తేడాతోనే పట్టుకుంటుంది. ఉత్త రంగు తేడాను మోటుగా మాత్రమే చూస్తుంది. కలర్ టీవీ, ఫోన్లో ఫోటో దాచుకునే పద్ధతి కూడా ఈ కిటుకు మీదే నడుస్తాయి. వెలుగునీడలను జాగ్రత్తగా దాచి, రంగు వివరాల్లో కొంత కోసేస్తాయి, మనకు తేడా తెలీదు. కాబట్టి కొట్లో గుడ్డలు పక్కపక్కన పెట్టి, ఫోన్లో నలుపు తెలుపు ఫోటో తీయండి. రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఒకటి వెనక్కి పెట్టేయండి. ఫోను లేకపోతే కళ్ళు సగం మూసి చూడండి, అదీ పనిచేస్తుంది. ఏ రంగు అన్నది మీ ఇష్టం. ఎంత ముదురు, ఎంత లేత అన్నదే డిజైను.

దీనికి రుజువు కావాలంటే లాగ్ క్యాబిన్ అనే బ్లాకు చూడాలి. అమెరికాలో 1860ల నుంచి బాగా పేరొచ్చింది, దుంగలతో కట్టిన ఇల్లని అర్థం. ఇందులో త్రిభుజమే ఉండదు. నడుమ చిన్న నలుచదరం, చాలాసార్లు ఎర్రది. ఇంట్లో పొయ్యికి గుర్తని చెప్పుకుంటారు. దాని చుట్టూ పట్టీలు, ఒకదాని తర్వాత ఒకటి, చుట్టు తిరుగుతూ. రెండు వైపులకు లేత పట్టీలు, రెండు వైపులకు ముదురు పట్టీలు. పేలికలు కూడా వృథా పోవు. దూరం నుంచి చూస్తే బ్లాకు ఐమూలగా రెండు ముక్కలై, సగం ముదురు, సగం లేతగా కనిపిస్తుంది. గుర్తుపట్టారా? మన ట్రూషే పలకే! త్రిభుజం కొయ్యకుండానే త్రిభుజం వచ్చింది. ఇప్పటిదాకా వేసిన లెక్కలన్నీ దీనికీ పనికొస్తాయి. ఏ బ్లాకుకైనా పక్కదీ కిందదీ సగం చుట్టు తిరిగి ఉండేలా పేరిస్తే ఏటవాలు చారలు వస్తాయి, వాటికి వాళ్ళు పెట్టిన పేరు నాగటి చాళ్ళు. నడిమి నుంచి వజ్రాలు ఒకదాని చుట్టూ ఒకటి పెరిగేలా పేరిస్తే ఇంకో పేరు, గాదె ఎత్తడమని. రైతుల పేర్లే అన్నీ.

నలుచదరం వదిలేసి వేరే ఆకారాలకు పోవచ్చా? పోవచ్చు గాని ఒక చుక్క చుట్టూ 360 డిగ్రీలే ఉంటాయి, ఆ గీత దాటడానికి ఎవరికీ వీల్లేదు. అన్ని భుజాలూ అన్ని కోణాలూ సమానంగా ఉన్న ఒకే ఆకారంతో ఖాళీ లేకుండా పరచాలంటే మూడే మూడు ఉన్నాయి, త్రిభుజం, నలుచదరం, షడ్భుజి. పంచభుజి కోణం 108, మూడు పెడితే 324, ఇంకా 36 డిగ్రీల సందు మిగిలిపోతుంది. షడ్భుజులతో కుట్టేదాన్ని అమెరికాలో ‘అమ్మమ్మ పూలతోట’ అంటారు, 1930లలో ఇంటింటా కుట్టారు. ఈ ముక్కలో ఒక జత అంచులు దారం వెంట పడితే, మిగిలిన నాలుగూ ఏటవాలే. అందుకే కాగితం అచ్చు మీద గుడ్డ మడిచి టాకా వేసి, అంచులు చేత్తో కలిపి కుట్టి, తర్వాత కాగితం లాగేస్తారు. అష్టభుజి ఒంటరిగా కుదరదు, పక్కన చిన్న నలుచదరం తోడుంటే కుదురుతుంది. 135, 135, 90.

45 డిగ్రీల డైమండు ముక్కలు ఎనిమిది కలిపితే ఎనిమిది కోణాల నక్షత్రం. అమెరికా ఆదివాసుల్లో లకోటా వాళ్ళు నక్షత్రపు బొంతను గౌరవించాల్సిన మనిషికి బహుమానంగా ఇస్తారు. ఇందులో ఒక్క డిగ్రీ తప్పు ఏం చేస్తుందో చూడండి. ప్రతి ముక్కా 44 డిగ్రీలు వచ్చిందా, మొత్తం 352. ఆ తక్కువ పడిన 8 డిగ్రీలు ఎక్కడికీ పోవు, నక్షత్రం నడిమి భాగం టోపీలా పైకి లేస్తుంది. 46 వచ్చిందా, 368. ఇప్పుడు గుడ్డ ఎక్కువై అంచు కుచ్చులు పోతుంది. ఇస్త్రీపెట్టె ఎంత నొక్కినా అణగదు. చదునుగా ఉండాల్సిన తలం వంపు తిరిగిందని గణితంలో అనేది దీన్నే.

ఏటవాలు సమాంతర చతుర్భుజం ముక్కలతో గాలిమర కుట్టబోయేవాళ్ళకు ఒక హెచ్చరిక. గుడ్డ మడిచి రెండేసి ముక్కలు కత్తిరించకండి. ఒకటి కుడి వాటం, ఒకటి ఎడమ వాటం వస్తాయి. తిరగేసి వాడదామంటే వెనక వైపు రంగు వెలిసినట్టుంటుంది. మన త్రిభుజానికి ఈ బాధ లేదు, దాని అద్దపు బొమ్మ అదే.

ఈ బాధ గణిత పండితులకూ తప్పలేదు. ఒకే ఆకారంతో నేలంతా పరచాలి, అయినా నమూనా ఎప్పటికీ పునరావృతం కాకూడదు. అలాంటి ఒంటరి పలక ఉందా అని దశాబ్దాలు వెతికారు. 2022లో దాన్ని పట్టుకున్నది ఇంగ్లండులో డేవిడ్ స్మిత్ అనే రిటైరైన ప్రింటింగ్ టెక్నీషియన్. సరదాకి ఆకారాలు గీసుకుంటూ, కాగితం ముక్కలు కత్తిరించి పేర్చి చూశాడు. క్రెయిగ్ కప్లాన్ తదితర ముగ్గురు పండితులతో కలిసి 2023 మార్చిలో రుజువు ప్రకటించారు. పదమూడు భుజాల ఆ ఆకారానికి ‘హ్యాట్’ అని పేరు. తిరకాసు ఏమిటంటే, దాదాపు ప్రతి ఏడు పలకలకూ ఒకటి అద్దంలో తిరగబడినది కావాలి. గుడ్డతో కుట్టేవాళ్ళకు అది వెనక్కి తిప్పిన ముక్కే. రెండు నెలల్లోనే ఆ నలుగురూ తిరగబడిన పలక అక్కర్లేని ఇంకో ఆకారం ‘స్పెక్టర్’ కూడా చూపించారు.

ఇంత లెక్క చెప్పాక ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. అమెరికాలో అలబామా నది మెలిక తిరిగినచోట గీస్ బెండ్ అనే పల్లె ఉంది. ఒకప్పుడు బానిసలుగా బతికినవారి వంశాల నల్లజాతి స్త్రీలు అక్కడ పాత పని బట్టలు, జీను ప్యాంట్లు చించి బొంతలు కుట్టారు. నలుచదరం చుట్టూ నలుచదరం వచ్చే ‘హౌస్‌టాప్’ వాళ్ళకు బాగా ఇష్టం. గీతలు వంకర, పట్టీలు ఒకటి సన్నం ఒకటి వెడల్పు, రంగు ఒకచోట ఉన్నట్టుండి మారిపోతుంది. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శిస్తే చిత్రకళ తెలిసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా బిళ్ళలే వేసింది. నా మటుకు నాకు, స్కేలు పెట్టి కుట్టిన వెయ్యి బొంతల కంటే ఆ వంకర బొంత ఒక్కటి ఎక్కువసేపు చూడబుద్ధవుతుంది. కొలత తప్పినా వాళ్ళ ముదురు-లేత లెక్క తప్పలేదు. అదే వాటిని నిలబెట్టింది.

సెలవుల్లో మీ వీధి టైలరును అడిగి కాసిని నూలు ముక్కలు తెచ్చుకోండి. పాలిస్టరు వద్దు, ఇస్త్రీకి లొంగదు. ముందు గళ్ళ కాగితం మీద 43 రకాలూ గీసి, నచ్చినది ఎంచుకుని కుట్టండి. 44వది దొరికిందని ఎవరైనా ఉత్తరం రాసేముందు, దాన్ని ఓసారి తిప్పి, అద్దంలోనూ చూడండి. ముందు గీసిన వాటిలో అది ఎక్కడో ఉండే ఉంటుంది.